అరుదైన పూల మొక్క కొన్నారా? మొదటి ఏడాది పూలు తుంచేయండి

కొత్త రకం ఫోటో కనబడగానే ఆర్డర్ పెట్టేయాలనిపిస్తుంది, అందులో తప్పేం లేదు, కానీ లేబుల్ మీద చలికి తట్టుకుంటుంది, ఏటా మళ్లీ చిగురిస్తుంది అని ఉన్నంత మాత్రాన అది మీ పెరట్లో బతుకుతుందని కాదు. ముందు జోన్ నంబర్ చూడండి. శీతాకాలంలో ఉష్ణోగ్రత ఎంత కిందికి పడుతుందో చూసి అమెరికా వ్యవసాయ శాఖ 1 నుంచి 13 దాకా ఇచ్చిన నంబర్లు ఇవి, జోన్ 5 అంటే మైనస్ 29 నుంచి మైనస్ 23 డిగ్రీల సెల్సియస్ వరకు. ఈ నంబర్ చలి సంగతే చెబుతుంది, వేసవి గురించి ఒక్క ముక్క చెప్పదు. హిమాలయాల్లో పూసే నీలి గసగసాల మొక్క మెకనాప్సిస్‌కు చలంటే లెక్కే లేదు, ఎండలు ముదిరితే మాత్రం నిలవదు. పెద్ద పెద్ద పూలు పూసే పియోనీలది ఇంకో గొడవ, చలికాలం సరిగ్గా లేకపోతే మొగ్గే వేయవు.

నన్నడిగితే చలికన్నా చలికాలపు తడే ఎక్కువ మొక్కల్ని చంపుతుంది. అడుగు లోతు గుంట తవ్వి నిండా నీళ్లు పోయండి, ఇంకిపోయాక మళ్లీ పోయండి. రెండోసారి పోసిన నీళ్లు మర్నాటికీ నిలిచే ఉంటే అక్కడ నాటొద్దు, లేదా మట్టి పోసి మడిని ఓ జానెడు ఎత్తు చేసి నాటండి. గుంట అడుగున కంకర వేస్తే నీరు దిగిపోతుందని చాలామంది అంటారు, బంకమట్టిలో అలా చేస్తే చుట్టుపక్కల నీళ్లన్నీ ఆ గుంటలోకే చేరతాయి.

ఇక మొదటి ఏడాది. ఎకినేషియా అనే పూల మొక్కలో నారింజ, పసుపు రంగుల రకాలు ఎకినేషియా పారడాక్సా అనే పసుపు జాతితో సంకరం చేయడం వల్ల వచ్చాయి. చూడ్డానికి అద్భుతంగా ఉంటాయి, కానీ వీటిలో కొన్ని మొదటి చలికాలం దాటవు, ఎందుకంటే చిన్న మొక్క బలమంతా పూలకే పెట్టేస్తుంది. మొక్కను వంచి మొదలు దగ్గర చూడండి. పూకాడ పక్కన నేలకు ఆనుకుని చిన్న ఆకుల గుత్తులు కనిపిస్తే వచ్చే ఏడాది మీద ఆశ ఉన్నట్టే, ఒంటి కాడ, దాని పైన ఒక పువ్వు తప్ప ఇంకేం లేకపోతే ఆ కాడను కింది దాకా కత్తిరించేయండి. మనసొప్పదు, నాకూ ఒప్పదు, అయినా కత్తిరించాలి. మెకనాప్సిస్‌లో ఏటా మళ్లీ చిగురించే రకాలకూ ఇదే పని చేస్తారు, మొదటి మొగ్గ తుంచితే పక్క పిలకలు బలపడతాయి.

పియోనీ నాటేటప్పుడు లోతు చూసుకోండి. దుంప మీద ఎర్రటి మొగ్గలుంటాయి, వాటి మీద 3 నుంచి 5 సెంటీమీటర్ల మట్టి చాలు, ఎక్కువైతే ఆకులే వస్తాయి. జపాన్‌కు చెందిన తోయిచి ఇటో 1948లో గట్టి కొమ్మలతో పొదలా పెరిగే చెట్టు పియోనీనీ, ఏటా నేల దాకా ఎండిపోయే మామూలు పియోనీనీ సంకరం చేశాడు, ఆ మొక్కలు పూసేసరికి ఆయనే లేడు. ఇటో పియోనీలంటే అవే.

విత్తనంతో పెంచేవాళ్లకు ఓపిక కావాలి. చలికాలం చివర్లో పూసే హెలిబోర్ విత్తనం రాలిన వెంటనే చల్లాలి, ఎండబెట్టి దాస్తే మొండికేస్తుంది. అడవుల్లో పూసే ట్రిలియం అయితే మొదట వేరు మాత్రమే వస్తుంది, ఆకు కనబడాలంటే ఇంకో చలికాలం గడవాలి, పూత ఇంకా చాలా ఏళ్ల మాట. మిగతా చాలా రకాలకు విత్తనాన్ని తడి ఇసుకలో కలిపి, చలికాలం గడిచినట్టు ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర ఆరు నుంచి ఎనిమిది వారాలు ఉంచడం సరిపోతుంది, మధ్యమధ్యలో తీసి బూజు పట్టిందేమో చూస్తుండాలి.

ట్రిలియం, సిప్రిపీడియం అనే నేల ఆర్కిడ్ లాంటివి మరీ చవగ్గా దొరికితే అనుమానించండి. అడవిలో తవ్వుకొచ్చి కుండీలో ఓ ఏడాది ఉంచి, నర్సరీలో పెరిగిందే అని అమ్మేవాళ్లు ఉన్నారు, అందుకే పెరిగింది ఎక్కడ అని కాక, విత్తనం నుంచో పిలక నుంచో మీరే పుట్టించారా అని అడగాలి. లేబుల్ మీద పేటెంట్ అని, అంటే ఆ రకం మీద హక్కు వేరేవాళ్లదని ఉంటే పిలకలు తీసి పంచే ముందు షరతులు చదువుకోండి.

చివరగా, నాటిన చోట ఓ కర్ర పాతి పేరు రాయండి. బెలూన్ పువ్వు అని పిలిచే ప్లాటికోడాన్ లాంటివి మిగతావన్నీ పచ్చబడ్డాక తీరిగ్గా లేస్తాయి, ఖాళీగా ఉంది కదా అని అక్కడ పార వేస్తే అంతే సంగతులు.