డయాలసిస్ ఫిస్టులా: చేతితో పసిగట్టే సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

డయాలసిస్ కోసం చేతిలోని ధమనిని పక్కనున్న సిరకు కలిపి కుట్టడమే ఫిస్టులా. 1966లో న్యూయార్క్‌లో బ్రెషియా, సిమినో బృందం వివరించిన, మణికట్టు దగ్గర చేసే ఈ పద్ధతే ఇప్పటికీ ఎక్కువమందికి మొదటి ఎంపిక. ఇందులో వచ్చే ఇబ్బందులు చాలావరకు రెండు ప్రశ్నలకు లోబడతాయి: రక్తం లోపలికి సరిగ్గా వస్తోందా? వచ్చింది ఆటంకం లేకుండా గుండె వైపు వెళ్లిపోతోందా? ఈ రెండూ మిషన్ అలారం మోగేకంటే ముందే వేళ్లకు తెలుస్తాయి.

రోజూ పొద్దున, రాత్రి కుట్టు దగ్గర వేళ్లు ఆనించి చూడండి. తిరుగుతున్న కుట్టు మిషన్ మీద చెయ్యి పెట్టినట్టు ఆగకుండా సన్నగా అదరాలి. దాన్నే త్రిల్ అంటారు. చెవి ఆనిస్తే ఎడతెగని హోరు వినిపించాలి.

అదురు పూర్తిగా ఆగిపోయింది

రక్తం గడ్డకట్టి ఉంటుంది. సాధారణంగా అప్పటికే లోపల ఎక్కడో సిర సన్నబడి ఉంటుంది. దాని మీద బీపీ పడిపోవడమో, వాంతులు, విరేచనాలతో ఒళ్లు ఎండిపోవడమో, సూది తీశాక కట్టు మరీ బిగించడమో, ఆ చేతి మీదే పడుకోవడమో తోడవుతుంది. రుద్దకండి, కాపడం పెట్టకండి. తర్వాతి డయాలసిస్ సిట్టింగ్ దాకా ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. 24 నుంచి 48 గంటల్లోపు అయితే గడ్డ తీసి ఫిస్టులాను దక్కించుకునే అవకాశం బాగుంటుంది. గడ్డ తీసి ఊరుకుంటే చాలదు. సన్నబడిన చోటును కూడా సిరలోకి పంపి ఉబ్బించే బెలూన్‌తోనో ఆపరేషన్‌తోనో సరిచేయకపోతే మళ్లీ మూసుకుపోతుంది.

ఆపరేషన్ అయ్యి రెండు నెలలైనా సిర లావెక్కలేదు

ఆరు వారాలకు సిర 6 మి.మీ. వెడల్పు, చర్మం కింద 6 మి.మీ. లోపు లోతు, నిమిషానికి 600 మి.లీ. ప్రవాహం ఉంటే సూదికి సిద్ధమైనట్టని ఒక లెక్క. అంతకు కాస్త తక్కువైనా పనిచేసేవి ఉన్నాయి గానీ, ఏ మార్పూ లేకపోతే బంతి పిసికే వ్యాయామంతోనే నెలలు గడపడం మంచిది కాదు. ముఖ్యంగా రెండు కారణాలు వెతకాలి. కుట్టు పక్కనే సిర సన్నబడటం ఒకటి. రక్తం పక్క కొమ్మల్లోకి చీలిపోవడం రెండోది.

తేల్చుకునే పద్ధతి: సిరను కుట్టుకు కొన్ని సెంటీమీటర్ల పైన వేలితో పూర్తిగా నొక్కండి. వేలికి కింద నాడి బలంగా కొట్టుకోవాలి. కొట్టుకోకపోతే రక్తం రాకలోనే లోపం. నొక్కినా కుట్టు దగ్గర అదురు ఆగలేదంటే నడుమ ఏదో కొమ్మలోకి రక్తం పోతోంది. డాప్లర్ స్కాన్ (రక్త ప్రవాహాన్ని చూపే అల్ట్రాసౌండ్) చేయించాలి. సన్నబడిన చోటును బెలూన్‌తో వెడల్పు చేస్తారు, అవసరమైన కొమ్మను కట్టేస్తారు.

ఆర్టీరియల్ ప్రెషర్ (మిషన్ రక్తం లాగేటప్పటి పీడనం) మైనస్ 200–250 దాటుతోంది, పంపు రక్తం లాగలేకపోతోంది

ముందు సూది మొన గోడకు ఆని ఉందేమో, ట్యూబు మడత పడిందేమో, బీపీ తగ్గిందేమో చూడాలి. అవన్నీ సరిగ్గా ఉండీ ప్రతి సిట్టింగ్‌లో ఇదే జరిగితే రక్తం రాక తగ్గినట్టే. పైన చెప్పిన వేలితో నొక్కే పరీక్ష చేసి డాప్లర్‌కు పంపండి.

వీనస్ ప్రెషర్ (రక్తం తిరిగి సిరలోకి వెళ్లేటప్పటి పీడనం) పెరుగుతోంది, సూది తీశాక రక్తం త్వరగా ఆగట్లేదు

ఇది రక్తం గుండె వైపు పోయే దారిలోని ఆటంకం. ఒక్కరోజు అంకె చూసి కంగారుపడక్కర్లేదు. ఒకే సైజు సూది, ఒకే బ్లడ్ ఫ్లో మీద వరుసగా మూడు సిట్టింగుల్లో పెరుగుతుంటే మాత్రం వదలకూడదు. రక్తం 20 నిమిషాలు దాటినా ఆగకపోతే ముందు హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) మోతాదు చూడండి. అది సరిగ్గానే ఉంటే పైన సిర సన్నబడిందని అనుమానించాలి.

చెయ్యి గుండె ఎత్తుకు మించి పైకెత్తితే ఆరోగ్యంగా ఉన్న ఫిస్టులా మెత్తబడి అణిగిపోతుంది. ఒకచోట దాకా ఉబ్బి, అక్కడి నుంచి అణిగితే ఆ సరిహద్దే సన్నబడిన చోటు. అక్కడ అదురు బదులు గట్టిగా తన్నే నాడి తగులుతుంది.

చెయ్యి మొత్తం వాచి, భుజం, ఛాతీ మీద సిరలు తేలితే ఆటంకం ఛాతీలోని పెద్ద సిరలో ఉంది. గతంలో కాలర్ బోన్ కింద పెట్టిన క్యాథెటర్ (డయాలసిస్ గొట్టం) దీనికి తరచుగా కారణం. అందుకే తాత్కాలిక క్యాథెటర్ కుడి మెడ సిరలో పెట్టమని అడగాలి. ఫిస్టులోగ్రామ్ (మందు ఎక్కించి తీసే ఫిస్టులా ఎక్స్‌రే) తీసి బెలూన్ వేస్తారు, కొందరికి స్టెంట్ (సిరను తెరిచి ఉంచే జాలీ గొట్టం) కావాలి.

సూది గుచ్చగానే చెయ్యి ఉబ్బి నల్లబడింది

సూది సిర గోడ దాటింది. పంపు ఆపి, సూది తీసి, వేళ్లతో నొక్కాలి. మొదటి 24 గంటలు గుడ్డలో చుట్టిన ఐసు, తర్వాత వేడి కాపడం. వాపు తగ్గేదాకా అక్కడ గుచ్చకూడదు. కొత్త ఫిస్టులాకు మొదట సన్నని 17 గేజ్ సూదులు, నిమిషానికి 200–250 మి.లీ. ఫ్లో చాలు. లావు సూదులకు తొందరపడితే చెడేది సిరే.

ఉబ్బు పెరుగుతోంది, చర్మం పలచబడి మెరుస్తోంది

ఎప్పుడూ ఒకేచోట గుచ్చితే గోడ బలహీనపడుతుంది. నొప్పి తక్కువని పేషెంట్లే అదే చోటు అడుగుతుంటారు, ఒప్పుకోకండి. ప్రతిసారీ చోటు జరుపుతూ సిర పొడవంతా వాడాలి. మెరిసే చర్మం, మానని పక్కు కనిపిస్తే సర్జన్‌కు వెంటనే చూపించాలి.

ఆ ఉబ్బు పగిలితే రక్తం చిమ్ముతుంది. తువ్వాళ్లు కుప్పగా వేయకండి, కింద రక్తం పోతున్నా కనబడదు. రంధ్రం మీద వేలితో నేరుగా గట్టిగా నొక్కి, చెయ్యి పైకెత్తి, 108కి ఫోన్ చేయండి. అంబులెన్స్ వచ్చేదాకా వేలు తీయవద్దు.

వేళ్లు చల్లబడి, పాలిపోయి, నొప్పి

రక్తమంతా ఫిస్టులాకే పోయి అరచేతికి చాలడం లేదు. మోచేతి దగ్గర చేసినవాటిలో, షుగర్ ఉన్నవారిలో ఎక్కువ. కొద్దిపాటి చల్లదనమే అయితే గ్లవ్ వేసుకుని గమనిస్తూ ఉండవచ్చు. విశ్రాంతిలోనూ నొప్పి, పుండు, వేళ్లలో బలం తగ్గడం ఉంటే ఆలస్యం పనికిరాదు. ప్రవాహాన్ని తగ్గించే ఆపరేషనో, దారి మళ్లించే బైపాసో, తప్పకపోతే ఫిస్టులా కట్టేయడమో చేస్తారు.

ఎరుపు, చీము, చలిజ్వరం

ఇన్ఫెక్షన్. ఆ చోట సూది గుచ్చవద్దు. యాంటీబయాటిక్‌కు ముందు బ్లడ్ కల్చర్ (రక్తంలో ఏ క్రిమి ఉందో తేల్చే పరీక్ష) తీయాలి. గుచ్చే ముందు సబ్బుతో చెయ్యి కడుక్కోవడం ప్రతి సిట్టింగ్‌కూ తప్పనిసరి.

డయాలసిస్‌లో నీరు సరిగ్గానే తీస్తున్నా ఆయాసం

ఫిస్టులా ప్రవాహం నిమిషానికి ఒకటిన్నర, రెండు లీటర్లు దాటితే గుండె అలసిపోవచ్చు. డాక్టర్ ఫిస్టులాను కాసేపు నొక్కిపెట్టినప్పుడు గుండె వేగం తగ్గితే అది ఒక సూచన.  ఎకో (గుండె స్కాన్), డాప్లర్ చూసి ప్రవాహం తగ్గిస్తారు.

ఫిస్టులా ఉన్న చేతికి బీపీ పట్టీ, రక్తం తీయడం, సెలైన్, బిగుతు గాజులు, వాచీ, మణికట్టు తాడు ఏవీ వద్దు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం లాంటి కిడ్నీ జబ్బు ఎక్కువున్న చోట్ల ఈ జాగ్రత్త ఫిస్టులా పెట్టకముందే మొదలవ్వాలి. నీరసమని ఊళ్లో సెలైన్ ఎక్కించుకునేటప్పుడు ముంజేతి సిరలను వదిలి అరచేతి వెనక పెట్టమనండి.