గుత్తి దగ్గర మొరాయించే ఎంజీబీ: సమస్య - పరిష్కారం

అనంతపురంలో మా ఇంటి ముందు రెండు కార్లుంటాయి. ఒకటి 1965 నాటి ఎంజీబీ, రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. రెండోది పెనుకొండ దగ్గర తయారైన కియా సెల్టోస్. కొత్తదానికి అలవాటుపడ్డ చేత్తో పాతదాన్ని ముట్టుకుంటేనే సగం జబ్బులు బయటపడతాయి.

సమస్య: కర్నూలు నుంచి వస్తూ గుత్తిలో టీకి ఆపాం. పది నిమిషాల తర్వాత సెల్ఫ్ కొడితే ఇంజను తిరుగుతోంది, అందుకోవడం లేదు.

కారణం: ఈ ఎంజీబీ ఇంజనుకు కార్బురేటర్లు (పెట్రోలునూ గాలినీ కలిపేవి), ఎగ్జాస్ట్ ఒకే పక్కన ఉంటాయి. పైన పెట్రోలు, కింద నిప్పు. బండి నడుస్తున్నంతసేపూ గాలి తగిలి చల్లబడుతుంది. ఆపగానే కార్బురేటర్ గిన్నెలో పెట్రోలు పాలలా పొంగుతుంది. సెల్టోస్‌లో పంపు ట్యాంకులోనే మునిగి ఉండి పెట్రోలును ఒత్తిడితో నెడుతుంది. ఒత్తిడి ఉంటే ఏ ద్రవమూ అంత తేలిగ్గా మరగదు; ప్రెషర్ కుక్కర్ ఉన్న ఇంట్లో ఇది చెప్పనక్కర్లేదు.

పరిష్కారం: చోక్ (చల్లటి ఇంజనుకు పెట్రోలు పాలు పెంచేది) జోలికి పోవద్దు. బానెట్ ఎత్తి పావుగంట ఆగండి. తర్వాత సెల్ఫ్ కొట్టకుండా తాళం మాత్రం తిప్పి, వెనక చక్రం వైపు చెవి పెట్టండి. పంపు టిక్‌టిక్‌మని కాసేపటికి ఆగితే గిన్నెలు నిండినట్టే. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టండి. పంపు ఆగకుండా టిక్‌టిక్‌మంటూనే ఉంటే గొట్టంలో ఆవిరి చేరింది, లేదా ట్యాంకు ఖాళీ. (నాకు ఒకసారి రెండోదే అయింది. ఇంట్లో మాత్రం ఆవిరి అనే చెప్పాను.) గిన్నెలు ఖాళీగా ఉన్నా చప్పుడే లేకపోతే సాధారణంగా పంపు పాయింట్లు (కరెంటును కలిపి విడదీసే కొసలు) పట్టేసి ఉంటాయి. స్పానర్ పిడితో పంపును మెల్లగా ఒక్కటి తడితే లేస్తుంది. అది ఇల్లు చేరడానికే. చేరాక పాయింట్లు శుభ్రం చేయించాలి. వేడిని అడ్డుకునే రేకు ఉందో, ఎవరైనా విప్పి పడేశారో చూడండి. ఇప్పటి పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది, పాత రబ్బరు గొట్టాలు దానికి తట్టుకోవు. ఎగ్జాస్ట్ మీద పెట్రోలు కారక ముందే మార్చేయండి.

సమస్య: ఫోను చార్జర్ పెట్టించగానే ఫ్యూజు పోయింది.

కారణం: 1967 వరకు వచ్చిన ఎంజీబీల్లో బాడీకి కలిసేది బ్యాటరీ పాజిటివ్. ఎలక్ట్రీషియన్ అన్ని కార్లకూ చేసినట్టే నెగటివ్ తీగను బాడీకి బిగించాడు.

పరిష్కారం: సాకెట్ బాడీకి తగలకుండా బిగించి, రెండు తీగలూ విడిగా లాగండి. పని మొదలుపెట్టే ముందే ఆయనకు ఈ మాట చెప్పండి.

సమస్య: బ్రేకు రాయిలా ఉంది.

ఇది జబ్బే కాదు, ఈ ఎంజీబీకి సర్వో (కాలి బలానికి తోడిచ్చే పరికరం) లేదు. గట్టిగా తొక్కండి, ముందున్న లారీకి ఎడం పాటించండి. పెడల్ నేలకు దిగిపోతే మాత్రం బండి కదపవద్దు.

సమస్య: క్లాక్ టవర్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగితే వేడి ముల్లు పైకి లేస్తోంది.

కారణం: సెల్టోస్‌కు కరెంటు ఫ్యాను. దీని ఫ్యాను ఇంజను బెల్టుతోనే తిరుగుతుంది కనుక, ఇంజను నెమ్మదిస్తే అదీ నెమ్మదిస్తుంది.

పరిష్కారం: బెల్టు బిగువు చూడండి, రేడియేటర్ కడిగించండి. అప్పటికప్పుడు కావాలంటే న్యూట్రల్‌లో రేసు కాస్త పెంచి, హీటర్ పూర్తిగా తెరవండి. ఇంజను వేడి కొంత కారులోకి వచ్చి ముల్లు దిగుతుంది. మే నెలలో నేను ఆ పని చేసినప్పుడు మా ఆవిడ దిగి ఆటో ఎక్కింది.