పాత బుల్లెట్ రిపేరు ఇంట్లోనే – 4వ పాఠం: టైమింగ్ పెట్టడం

పోయిన పాఠంలో పాయింట్లు (కాయిల్ కరెంటును కలిపి విడదీసే చిన్న కొనలు) శుభ్రం చేసి, గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య పెట్టాం. ఆ పని చెయ్యనివాళ్లు ముందు అది ముగించుకుని రండి. గ్యాప్ పెరిగితే పాయింట్లు ముందుగా విడిపోతాయి, టైమింగ్, అంటే ప్లగ్గులో నిప్పురవ్వ పడే సమయం, అడ్వాన్స్ (ముందుకు) అవుతుంది. తగ్గితే వెనకబడుతుంది. పాయింట్లను తెరిచే కామ్ మీద రాసుకునే ఫైబర్ ముక్క అరిగేకొద్దీ గ్యాప్ తగ్గుతుంది కాబట్టి, పట్టించుకోని బండిలో టైమింగ్ నెమ్మదిగా వెనక్కే జారుతుంది. టైమింగ్ ముందు పెట్టి తర్వాత గ్యాప్ ముట్టుకుంటే చేసిన పనంతా వృథా.

ఈ కొలతలు పాయింట్ల డిస్ట్రిబ్యూటర్ (పాయింట్లు, కామ్ ఉండే డబ్బా), ఆటో అడ్వాన్స్ (వేగం పెరిగేకొద్దీ టైమింగ్‌ను తనంతట ముందుకు జరిపే బరువులు) ఉన్న పాత ఇనప ఇంజను బుల్లెట్ 350కి. పిస్టన్ పైకొస్తూ, టీడీసీకి (అది చేరే అన్నింటికన్నా పైచోటుకి) ఇంకా 0.8 మిల్లీమీటర్లు ఉండగా పాయింట్లు విడిపోవడం మొదలవ్వాలి. స్ట్రోకు 90 మిల్లీమీటర్లు కాబట్టి, ఆ 0.8 అంటే క్రాంకు తిరుగుడులో సుమారు 10 డిగ్రీలు. డిస్ట్రిబ్యూటర్ ఇంజనులో సగం వేగంతో తిరుగుతుంది కాబట్టి అక్కడ అది 5 డిగ్రీలే. చేత్తో వెంట్రుకవాసి కదిపినా ఇంజనుకు తెలిసిపోతుంది.

కావలసినవి: తిన్నటి సైకిల్ స్పోకు, కరెంటు పనివాళ్లు వాడే చిన్న ఇత్తడి కనెక్టరు, ఫిల్లర్ గేజ్ (సందు కొలిచే రేకుల కట్ట), బ్యాటరీ ఓల్టేజీకి సరిపడే చిన్న బల్బు, రెండు వైర్లు, పాత ప్లగ్గు ఒకటి. ఆ ప్లగ్గులోంచి పింగాణీ పగలగొట్టి తీసేసి, పక్క ఎలక్ట్రోడు కోసేస్తే మిగిలే ఉక్కు గుల్ల స్పోకుకు గైడు అవుతుంది. ముక్కలు లోపల మిగలకుండా కడిగాకే బిగించండి. చేతికి అందింది కదా అని కొబ్బరి ఈనె మాత్రం వాడొద్దు. విరిగి ముక్క లోపల పడిందంటే హెడ్ విప్పాల్సిందే.

బండిని సెంటర్ స్టాండు మీద నిలబెట్టి, ప్లగ్గు తీసి, టాప్ గేరులో వెయ్యండి. వెనక చక్రాన్ని బండి ముందుకెళ్లే దిక్కున చేత్తో తిప్పుతూ ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు పెట్టండి. వేలిని గాలి తన్నుతుంటే కంప్రెషన్ స్ట్రోకు. టాపెట్ మూత తీసి చూస్తే, పిస్టన్ పైకి వచ్చేసరికి పుష్‌రాడ్లు రెండూ వేళ్లతో తేలిగ్గా తిరగాలి. ఒకటి బిగిసి ఉంటే అది ఎగ్జాస్ట్ చివరి టీడీసీ, అక్కడ కొలవకూడదు.

ఇప్పుడు గుల్ల బిగించి స్పోకు దించండి. స్పోకు పైకి వచ్చి, ఆగి, మళ్లీ దిగడం మొదలుపెట్టే చోటు టీడీసీ. కాసేపు అసలు కదలనట్టే ఉంటుంది, ఆ నిలకడ మధ్యలో ఆపండి. కనెక్టరును స్పోకుకు తొడిగి, గుల్ల అంచుకూ దానికీ మధ్య 0.40 రేకులు రెండు పెట్టి, వాటికి ఆనించి స్క్రూ బిగించండి. రేకులు లాగేస్తే 0.8 సందు మిగులుతుంది.

చక్రాన్ని వెనక్కి తిప్పి పిస్టన్‌ను బాగా కిందికి దించండి. కనెక్టరు గుల్ల మీద కూర్చుంటుంది, స్పోకు లోపలికి జారిపోదు. ఇక నెమ్మదిగా ముందుకు తిప్పండి. కనెక్టరు అంచు నుంచి లేచే ఆ క్షణమే మీ 0.8. దాటిపోతే అక్కడికక్కడే వెనక్కి లాగొద్దు. క్రాంకు పావు చుట్టు వెనక్కెళ్లి మళ్లీ ముందుకే రండి, లేకపోతే పళ్లచక్రాల మధ్య ఉన్న లూజు లెక్కను తప్పిస్తుంది. ప్లగ్గు రంధ్రం ఏటవాలుగా ఉంటుంది కాబట్టి కొలతలో కొద్ది తేడా మిగులుతుంది. దాన్ని రోడ్డు మీద సరిచేస్తాం.

బల్బు వైరు ఒకటి పాయింట్ల టెర్మినల్‌కి, రెండోది ఇంజను బాడీకి తగిలించి కీ వెయ్యండి. పాయింట్లు కలిసి ఉంటే బల్బు వెలగదు, విడిపోతే వెలుగుతుంది. బల్బు లేకపోతే అమ్మీటరు చూడండి: పాయింట్లు కలిసి ఉన్నప్పుడు మైనస్ వైపు వాలిన ముల్లు, విడిపోగానే మధ్యకు వస్తుంది. పాయింట్లు కలిసి ఉండగా కీ ఎక్కువసేపు వేసి ఉంచితే కాయిల్ కాలుతుంది.

డిస్ట్రిబ్యూటర్ నట్లు వదులు చేసే ముందు, బాడీకీ కేసింగుకూ కలిపి ఒక గీత గీయండి. కామ్ తిరిగే దిక్కుకు ఎదురుగా బాడీని తిప్పితే అడ్వాన్స్, అదే దిక్కుకు తిప్పితే రిటార్డ్ (వెనకబడటం). కనెక్టరు లేచే చోటే బల్బు వెలిగేలా పెట్టి నట్లు బిగించండి. బిగించేటప్పుడు బాడీ కాస్త లాక్కుపోవడం మామూలే, అందుకే చక్రం తిప్పి మరోసారి చూడాలి.

పల్లపు కోనసీమలో టైమింగ్ పరీక్షకు కొండలు దొరకవు. పంటు (ఏరు దాటించే బల్లకట్టు పడవ) దిగి రేవు నుంచి ఏటిగట్టుకు ఎక్కే ర్యాంపు చాలు. ఇంజను వేడెక్కాక మూడో గేరులో ఎక్కిస్తూ రేసు ఇవ్వండి. లోపల గోళీలు కొట్టుకున్నట్టు టకటక వినిపించినా, కిక్కు ఎదురుతన్నినా అడ్వాన్స్ ఎక్కువైంది, గీత మందమంత తగ్గించండి. అలాగే నడిపితే పిస్టన్ కాలుతుంది. కిక్కు మెత్తగా ఉండి, బండి లాగక, ఎగ్జాస్ట్ పైపు తల దగ్గర నీలం తిరుగుతుంటే వెనకబడింది.

నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి పాయింట్లు తొందరగా చిలుము పడతాయి. అక్కడివాళ్లు వానాకాలంలో నెలకోసారి మూత తీసి పెట్రోలు గుడ్డతో తుడిచి, కామ్ మీద గ్రీజు పూతగా రాయండి. ఎక్కువైతే అది పాయింట్ల మీదికి చిమ్ముతుంది. ఒక పాయింటు మీద గుంట, ఎదురుదాని మీద బొడిపె కనిపిస్తే ముందు కండెన్సర్‌ను (పాయింట్ల మధ్య నిప్పురవ్వలు తగ్గించే భాగం) అనుమానించండి.

అన్నీ సరిగ్గా ఉన్నా, రేసు వదిలాక ఐడిల్ వెంటనే దిగకపోతే ఆటో అడ్వాన్స్ బరువుల స్ప్రింగులు సాగి ఉండొచ్చు. వాటిని విప్పి చూడటం 5వ పాఠంలో.