లైలాక్ రాదు, మల్లె వస్తుంది: చిన్న పెరట్లో గుబురు మల్లె పొద పెంచడం ఎలా?

ఒడిశా పర్లాకిమిడిలో మా ఇంటి వెనక పెరడు పట్టుమని పదడుగులు లేదు. మూడేళ్ళ కిందట ఫోన్‌లో బొమ్మ చూసి మనసుపడి, చలిదేశాల్లో పెరిగే లైలాక్ అనే పూలమొక్క, పొట్టి రకం ఒకటి తెప్పించి అందులో పెట్టాను. నడుమెత్తు పొద, ఊదారంగు గుత్తులు, గుమ్మం దాకా వాసన అని ఊరించారు. చలికాలం ఎలాగో నెట్టుకొచ్చింది. మే ఎండకు ఆకులు అంచుల నుంచి కమిలిపోయి, తొలకరికి ముందే ఎండు పుల్లయింది. డబ్బులెలాగూ పోయాయి, తప్పెక్కడుందో చూద్దామని చదవడం మొదలుపెడితే, చిన్నప్పటి నుంచీ చూస్తున్న మల్లె గురించే కొత్త సంగతి తెలిసింది.

లైలాక్ పూయాలంటే చలికాలం నిద్ర పట్టాలి. వారాల తరబడి 7 డిగ్రీల లోపు చలి తగిలితే గాని దాని మొగ్గ సరిగా కదలదు. పొట్టి రకాల్లో బాగా పేరున్న 'మిస్ కిమ్', 1947లో ఎల్విన్ మీడర్ అనే అమెరికన్ కొరియా కొండల్లో సేకరించిన విత్తనం నుంచి వచ్చింది. అక్కడి చలికాలమంటే మంచు. మనకు సంక్రాంతి ముందు రాత్రుళ్ళు పళ్ళు టకటకలాడినా, తెల్లారి పదయ్యేసరికి స్వెటర్ విప్పేస్తాం. ఆ చలి లైలాక్‌కు ఏ మూలకూ చాలదు.

అయితే లైలాక్, మల్లె ఒకే కుటుంబం. ఆలివ్, పారిజాతం కూడా వాటి చుట్టాలే. మల్లెకూ పూతకు ముందు విశ్రాంతి ఇస్తేనే విరగబూస్తుంది. లైలాక్‌ను చలి నిద్రపుచ్చుతుంది, ఇక్కడ మల్లెను మనమే నిద్రపుచ్చాలి. పెరటి మల్లె ఆకులేసి ఊరుకుంటోందని బాధపడేవాళ్ళలో చాలామంది వదిలేసే పని ఇదే.

మొక్క ఎంపిక

జాజి, విరజాజి తీగలు. వాటికి పందిరి కావాలి, చిన్న చోటుకు వద్దు. గుండుమల్లె గుబురుగా పెరుగుతుంది, కత్తెరకు లొంగుతుంది. దొంతర మల్లె పువ్వు చూడముచ్చటగా ఉంటుంది గాని పూలు తక్కువ. నర్సరీలో పూలున్న మొక్కను చూసి మోసపోకండి. మొదలు నుంచి మూడు నాలుగు కొమ్మలు చీలినదాన్ని తీసుకోండి. ఎవరింట్లోనైనా మంచి పొద ఉంటే, పెన్సిల్ లావు కొమ్మను జానెడు తుంచి రెండు కణుపులు మట్టిలో ఉండేలా గుచ్చినా సరిపోతుంది.

నాటడం

జూన్ మధ్యలో ఒడియావాళ్ళ రజ పండుగ వస్తుంది. ఆ మూడు రోజులూ భూమిని తవ్వకూడదని మా పక్కింటి ఒడియా మావుసీ (పిన్ని) నన్ను గునపం ముట్టుకోనివ్వలేదు. నిజానికి అది మంచి గడువే. పండుగ దాటేసరికి తొలకరి పడి నేల మెత్తబడుతుంది. రోజుకు ఐదారు గంటలు ఎండ తగిలే చోట అడుగున్నర గొయ్యి తీసి, మన ఎర్రమట్టి రెండు పాళ్ళు, మాగిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుక ఒక పాలు కలిపి, గుప్పెడు వేపపిండి వేసి నాటండి. రెండు మొక్కలైతే నాలుగడుగుల ఎడం. కుండీ అయితే పద్నాలుగు అంగుళాలకు తగ్గకూడదు, అడుగున నీరు పోయే చిల్లు ఉండాలి.

నీళ్ళ విషయంలో ఒక్క మాట. మల్లె ఎండకు ఓర్చుకుంటుంది, మొదలు దగ్గర నిలిచిన నీటికి ఓర్చుకోదు. అక్టోబరు తుపాన్లు మనకు కొత్త కాదు. 2018 తిత్లీ ఇక్కడివాళ్ళెవరూ మరిచిపోరు. మొదలు చుట్టూ పళ్ళెంలా గుంట చేయకుండా మట్టిని కాస్త ఎత్తుగా ఎగదోయండి.

పస్తు, కత్తిరింపు

మొదటి ఏడాది చలికాలమంతా నేను ప్రేమగా నీళ్ళు పోశాను. పొద పచ్చగా నిగనిగలాడింది. వేసవి మొత్తానికి నాలుగు పూలు. మావుసీ గోడ మీంచి చూసి, "దానికి పస్తు పెట్టమ్మా, తిండెక్కువైంది" అంది.

నాటిన ఏడాది మొక్కను ఏమీ చేయకండి. రెండో ఏడు నుంచి కార్తీక పున్నమి దాటాక నీళ్ళు తగ్గిస్తూ వచ్చి, డిసెంబరులో రెండు మూడు వారాలు పూర్తిగా ఆపేయండి. కుండీ మొక్కకు పది రోజులు చాలు, లేకపోతే చచ్చిపోతుంది. ఆకులు మెరుపు తగ్గి, మధ్యాహ్నం కాస్త వాలుతుంటే పని జరుగుతున్నట్టే. టెన్షన్ పడి చెంబెడు నీళ్ళు పోసేయకండి.

సంక్రాంతికి ముందు కత్తెర పట్టండి. ఎండు కొమ్మలు, సన్నటి పుల్లలు మొదలంటా తీసేసి, మిగతావాటిని మోకాలెత్తున, కణుపుకు పావు అంగుళం పైన ఏటవాలుగా కత్తిరించండి. కోసిన చోట లేతాకుపచ్చ చెమ్మ కనబడితే కొమ్మ బతికున్నట్టు. గోధుమరంగులో పొడిగా ఉంటే ఇంకాస్త కిందికి కోయాలి. తర్వాత మిగిలిన ఆకులు దూసేయాలి. ఆకును కిందికి లాగితే బెరడు చీలి, కణుపులో దాగిన మొలక కూడా ఊడొస్తుంది. కొమ్మ కొస వైపుకు తోయండి, టప్పున తెగుతుంది. పని పూర్తయ్యాక పొద బోడి పుల్లల కట్టలా కనిపిస్తుంది. మా ఇంట్లో చూసినవాళ్ళంతా మొక్కను చంపేశానన్నారు.

లైలాక్‌కు ఈ పని చేస్తే ఆ ఏడు పూలుండవు. అది పూత అయిన కొన్నాళ్ళకే మరుసటి ఏటి మొగ్గల్ని పాత కొమ్మ మీద కట్టుకుంటుంది. అందుకే దాన్ని పూలు రాలగానే కత్తిరించాలి. మల్లె కొత్త చిగురు కొసనే పూస్తుంది కాబట్టి ఎన్ని చిగుళ్ళు వస్తే అన్ని గుత్తులు.

కత్తిరించిన మర్నాడు, మొదలు చుట్టూ మట్టి గుల్ల చేసి, రెండు దోసిళ్ళ ఎరువు వేసి, తడిసి ముద్దయ్యేలా నీళ్ళు పోయండి. వేరుశెనగ చెక్క నానబెట్టిన నీళ్ళు పదిహేను రోజులకోసారి పోస్తే ఇంకా మంచిది. మార్చి నుంచి పూత. ఒక విడత పూలయ్యాక ఆ కొసలను రెండు కణుపులు కత్తిరిస్తూ ఉండండి, పొద నడుం దాటదు, మళ్ళీ చిగురేస్తుంది.

తెగుళ్ళు

మొగ్గ ఊదారంగుకు తిరిగి, సన్నటి గూడుతో పక్క మొగ్గకు అతుక్కుంటే లోపల పురుగున్నట్టు. వాటిని తుంచి దూరంగా పారేసి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం కొట్టండి. ఈనెలు ఆకుపచ్చగా ఉండి ఆకు పసుపెక్కితే ఇనుము లోపం. లీటరుకు 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) కరిగించి ఆకులు తడిసేలా చల్లండి.

కోత సాయంత్రం నాలుగింటికి. తెల్లబడి ఉబ్బిన మొగ్గనే తుంచండి. ఆకుపచ్చ ఛాయ పోని మొగ్గ మాలలో విచ్చుకోకుండానే వాడిపోతుంది. మా పొదకు నిరుడు ఏప్రిల్‌లో రోజూ రెండు మూరల మాలకు సరిపడా వచ్చేవి. అందులో ఒక మూర గోడ అవతలికి వెళ్ళేది.