క్యాడ్-క్యామ్ నేర్చుకుంటున్నారా? ముందు ఒక షాఫ్టు పట్టుకుని కొలవండి

పాలిసెట్ రాసి నల్గొండలోనో మహబూబ్‌నగర్‌లోనో మెకానికల్ డిప్లొమాలో చేరినవాళ్లు, ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలోకి వెళ్లినవాళ్లు, అందరూ మొదట అడిగేది ఒకటే: ఆటోక్యాడ్ నేర్చుకోవాలా, సాలిడ్‌వర్క్స్ నేర్చుకోవాలా, అమీర్‌పేటలో ఏ ఇన్‌స్టిట్యూట్ బాగుంటుంది? క్యాడ్ అంటే కంప్యూటర్‌లో డ్రాయింగు గీయడం, క్యామ్ అంటే ఆ డ్రాయింగు నుంచి కంప్యూటర్ నడిపే మిషన్‌తో పార్టు కోయించడం. సాఫ్ట్‌వేర్ ఏదైనా పర్లేదు, నిజంగా. మీ డ్రాయింగ్ చేతికిస్తే లేత్ దగ్గర నిలబడ్డ టర్నర్ మీకు ఫోన్ చెయ్యకుండా పార్టు పూర్తి చేయగలగాలి. డ్రాఫ్టింగ్ వచ్చిందా లేదా అన్నదానికి అదే పరీక్ష.

మొదటి ఏడాది ఇంజినీరింగ్ డ్రాయింగ్‌ని పాస్ మార్కులతో గట్టెక్కించేసి కంప్యూటర్ ల్యాబులో కూర్చుందాం అనుకునేవాళ్లు ఒక్కసారి వెనక్కి వెళ్లండి. మన దేశంలో ప్రమాణాలు నిర్ణయించే బీఐఎస్ వాళ్ల ఎస్పీ 46 అనే డ్రాయింగ్ నియమాల పుస్తకం ప్రకారం ఫస్ట్ యాంగిల్ ప్రొజెక్షన్ వాడతాం, అంటే ఫ్రంట్ వ్యూ పైన, టాప్ వ్యూ దాని కింద. యూట్యూబ్‌లో అమెరికా వాళ్ల వీడియోలు చూసి ప్రాక్టీస్ చేస్తే అక్కడ థర్డ్ యాంగిల్, టాప్ వ్యూ పైకి వెళ్తుంది. టైటిల్ బ్లాకులో ప్రొజెక్షన్ గుర్తు పెట్టకుండా షీటు ఇచ్చేస్తే ఎడమ పక్క పడాల్సిన రంధ్రం కుడి పక్క పడుతుంది, ఇక ఆ ముక్క తుక్కు కిందకే.

ఇక అసలు పని. ఒక వెర్నియర్ (జారే దవడలున్న కొలత పరికరం) కొనుక్కోండి, 0.02 మిల్లీమీటర్లు చదివేది చాలు. మిర్యాలగూడ చుట్టుపక్కలవాళ్లకు రైస్ మిల్లులకు కొదవ లేదు కదా, అరిగిపోయి తీసి పక్కన పడేసిన ఎలివేటర్ (వడ్లు పైకెత్తే యంత్రం) షాఫ్టు, అంటే తిరిగే ఇరుసు, ఒకటి అడిగి తెచ్చుకోండి. పాలమూరు వైపు వాళ్లు ట్రాక్టర్ రిపేరు షెడ్డులో అడగండి. దాని మీద 6205 బేరింగ్ ఉందనుకుందాం. చివరి రెండంకెల్ని ఐదుతో గుణించండి, 05 అంటే 25, అదే బేరింగ్ లోపలి వ్యాసం. బయటి వ్యాసం 52, మందం 15. ఇప్పుడు మీరు షాఫ్టు డ్రాయింగులో ఆ చోట ఉత్త 25 అని రాసి ఊరుకుంటే టర్నర్ 24.95 తిప్పి ఇవ్వొచ్చు, అతన్ని అనడానికి ఏం లేదు, మీరు చెప్పలేదు కాబట్టి. బేరింగ్ లోపలి రింగు షాఫ్టు మీద జారకుండా బిగుతుగా కూర్చోవాలి, అందుకే అక్కడ 25 కె6 (కొలతలో ఎంత తేడా ఉండొచ్చో చెప్పే కోడు) అని రాయాలి, అంటే 25.002 నుంచి 25.015 మధ్యలో రావాలి. హౌసింగ్ (బేరింగ్ బయటి రింగు కూర్చునే గూడు) రంధ్రానికి 52 హెచ్7, అంటే 52.000 నుంచి 52.030. షోల్డర్ (షాఫ్టు వ్యాసం పెరిగే మెట్టు) మూలలో రేడియస్ 1 మిల్లీమీటర్ దాటిందంటే బేరింగ్ పూర్తిగా లోపలికి ఆనదు. కీవే, అంటే పుల్లీ జారకుండా కీ పెట్టే గాడి, 8 వెడల్పు, షాఫ్టులో 4 లోతు. ఇంత సన్న తేడాలకు వెర్నియర్ సరిపోదు, కాలేజీ ల్యాబులో మైక్రోమీటర్ అడిగి తీసుకోండి, బీరువాలో పెట్టి తాళం వేసి ఉంటుంది గానీ అడిగితే ఇస్తారు.

అలాగని కనిపించిన ప్రతి కొలతకూ మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు) టాలరెన్స్, అంటే అనుమతించే తేడా, పెట్టకండి. బేరింగ్, పుల్లీ, సీలు కూర్చునే చోట్లే బిగించాలి, మిగతా అంతా జనరల్ టాలరెన్స్ చాలు. అనవసరంగా బిగించిన ప్రతి కొలతకూ గ్రైండింగ్ ఖర్చు పడుతుంది.

ఆటోక్యాడ్‌లోకి వచ్చాక బొమ్మను 1:1లోనే గీయండి, స్కేలు సంగతి ప్రింటు తీసే లేఅవుట్‌లో చూసుకోవచ్చు. సెంటర్ లైన్లు, డైమెన్షన్లు, అవుట్‌లైన్ వేర్వేరు లేయర్లలో పెట్టండి. ఐకాన్ల కోసం వెతుక్కోకుండా కమాండ్లు కీబోర్డు మీద కొట్టడం మొదటి వారం కష్టంగా ఉంటుంది, తర్వాత చెయ్యి దానంతటదే పోతుంది. ఒక్కటి మాత్రం ఎప్పుడూ చేయొద్దు: గీత 48 వచ్చింది, కావాల్సింది 50, సరే డైమెన్షన్ మీద క్లిక్ చేసి 50 అని టైప్ చేసేద్దాం అని. కాగితం మీద బాగానే కనిపిస్తుంది. అదే ఫైలు డీఎక్స్ఎఫ్ (మిషన్లు చదివే డ్రాయింగు ఫైలు) రూపంలో లేజర్ కటింగ్‌కి పోతే మిషన్ మీ అంకెని చదవదు, గీతను చదువుతుంది, 48కే కోస్తుంది.

త్రీడీలో ముఖ్యమైనది స్కెచ్ పూర్తిగా కట్టుబడి ఉండటం. సాలిడ్‌వర్క్స్‌లో నీలం గీతలు ఇంకా ఉన్నాయంటే ఏదో కొలత ఇవ్వలేదని, అన్నీ నల్లగా మారాకే ఎక్స్‌ట్రూడ్ చేయండి, అంటే స్కెచ్‌కు మందం ఇవ్వండి. ఆటోడెస్క్ వాళ్లు విద్యార్థులకు లైసెన్సు ఉచితంగానే ఇస్తారు, ఫ్రీక్యాడ్ అయితే ఎవరికైనా ఉచితం, క్రాక్ వెర్షన్ల జోలికి పోవాల్సిన పని లేదు.

క్యామ్ దగ్గర చాలామంది ఆగిపోయేది, సిమ్యులేషన్ నడిచింది కాబట్టి పార్టు వస్తుంది అనుకోవడం వల్ల. ముందు మిషన్‌కి ఇచ్చే ఒక చిన్న ప్రోగ్రామ్ చేత్తో రాయండి. జి00 అంటే వేగంగా కదలడం, జి01 అంటే ఫీడుతో నేరుగా కోయడం, జి02, జి03 వంపులు, ఎం03తో స్పిండిల్ (కట్టరును తిప్పే భాగం) తిరుగుతుంది, ఎం30తో ప్రోగ్రామ్ అయిపోతుంది. స్పిండిల్ వేగం కూడా మీరే లెక్కేయండి: మైల్డ్ స్టీలుకి హైస్పీడ్ స్టీల్ కట్టర్‌తో నిమిషానికి సుమారు 30 మీటర్లు అనుకుంటే, 10 మిల్లీమీటర్ల ఎండ్‌మిల్లు కట్టరుకి 30ని 1000తో గుణించి, దాన్ని 3.14 ఇంటూ 10తో భాగిస్తే దాదాపు 955 ఆర్పీఎం. నాలుగు పళ్లున్న కట్టరు, పంటికి 0.05 చొప్పున ఫీడు నిమిషానికి 190 దగ్గర వస్తుంది. ఈ లెక్క చేతికి వస్తే సాఫ్ట్‌వేర్ ఏదైనా పిచ్చి అంకె చూపించినప్పుడు వెంటనే పట్టేస్తారు. ఇంకో సంగతి, తిరిగే కట్టరు లోపలి మూలను పదునుగా కోయలేదు. 10 మిల్లీమీటర్ల కట్టరు లోపలి మూలలో కనీసం 5 రేడియస్ వదులుతుంది, కాబట్టి డిజైన్ చేసేటప్పుడే పాకెట్ (లోపలికి తవ్విన గుంట) మూలల్లో రేడియస్ ఇవ్వండి.

తర్వాత ఆ షాఫ్టు డ్రాయింగు ప్రింటు తీసుకుని ఊళ్లో లేత్ వర్క్స్‌కి వెళ్లండి. పని ఒత్తిడి లేని టైం చూసి వెళ్లి, అన్నా ఇది చూసి చెప్పవా అంటే ఏ టర్నరూ కాదనడు. "తమ్మీ, ఈ స్టెప్పు పొడుగు ఏడికెళ్లి కొలవాలె?" అని అడిగాడంటే మీరు కొలతలన్నీ ఒకే ముఖం నుంచి ఇవ్వలేదని అర్థం, ఇంటికొచ్చి దాన్ని సరిచేసి మళ్లీ తీసుకెళ్లండి. ఆయన అడిగిన ప్రతి ప్రశ్నా షీటు వెనక రాసి పెట్టుకోండి, ఏ కోర్సులోనూ ఇంత సూటిగా ఎవరూ చెప్పరు.

ఇంకా లోతుగా పోవాలనుకుంటే హైదరాబాద్ బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది, 1968 నుంచి నడుస్తున్న కేంద్ర ప్రభుత్వ సంస్థ. డబ్బు పెట్టి ఎక్కడైనా చేరే ముందు అక్కడి కోర్సులేవో కనుక్కోండి. నల్గొండ వైపు వాళ్లకు దండుమల్కాపూర్ ఇండస్ట్రియల్ పార్కు హైదరాబాద్ వెళ్లే దారిలోనే ఉంది, ఇంటర్న్‌షిప్ అడగడానికి రెజ్యూమెతో పాటు సరిచేసిన షాఫ్టు డ్రాయింగు, వెనక ఆ ప్రశ్నలున్న పాత షీటు, వీలైతే తయారైన ముక్క కూడా సంచిలో వేసుకుని వెళ్లండి, కొలిచి చూసుకొమ్మని వాళ్ల చేతికే ఇవ్వండి.