రోగి లక్షణం నుంచి జన్యుమార్పు దాకా (నాలుగో భాగం): బాణం ఎక్కడ గీయాలి?

గత భాగం చివర ఒక కల్పిత కేసుషీటు ఇచ్చి, దాన్ని ట్రిపుల్స్‌గా, అంటే ‘ఏది – సంబంధం – దేనితో’ అనే మూడు ముక్కల వాక్యాలుగా రాయమన్నాను. మధ్యలోని సంబంధమే మన బాణం. పాడేరు వైపు నుంచి విశాఖ కేజీహెచ్ ఆసుపత్రికి వచ్చిన తొమ్మిదేళ్ళ పాప. ఒళ్ళు పాలిపోయింది, కాళ్ళ నొప్పులు, ప్లీహం పెరిగింది, కామెర్లు లేవు. సికిల్‌సెల్ వ్యాధికి సంబంధించిన జన్యుమార్పు రెండు కాపీలు ఉన్నాయని పరీక్షలో తేలింది.

ఇలాంటి షీటు చూడగానే ఎవరి చేతికైనా ముందు తట్టే వాక్యం ఒకటుంది: ‘ఈ జన్యుమార్పు – కలిగిస్తుంది – ప్లీహం పెరగడం’. మీరూ అదే రాసి ఉంటే కొట్టేయండి. మన మన్యంలో ప్లీహం పెరిగిందంటే డాక్టర్లు ముందు అనుమానించే వాటిలో మలేరియా ఒకటి. పైగా సికిల్‌సెల్ జన్యుమార్పు ఒక్క కాపీ మాత్రమే ఉన్నవారికి మలేరియా ముదరకుండా కొంత రక్షణ ఉంటుంది. అందుకే తరతరాలుగా మలేరియా పీడించిన ప్రాంతాల్లోనే ఈ మార్పు నిలిచిపోయింది. అంటే ప్లీహం పెరగడానికి రెండు కారణాలు ఒకే కొండల్లో పక్కపక్కనే ఉన్నాయి. ఆఫ్రికా రోగుల ఆధారంగా రాసిన పుస్తకాలు చదివితే మరో చిక్కు: అక్కడ ఈ వ్యాధి ఉన్న పిల్లల్లో ప్లీహం చిన్నతనంలోనే కుంచించుకుపోతుంది. మన దేశంలోని రోగుల్లో చాలామందికి అది పెద్దగానే చాలా కాలం ఉంటుంది. ఒక్క బాణం గీసి ఇవన్నీ ఎలా చెబుతాం?

అందుకే లక్షణాన్ని జన్యువుకు అంటించం. ముందు పాపకు అంటిద్దాం. అదీ నేరుగా కాదు, మధ్యలో ‘పరిశీలన’ అనే ముడి (బాణాలు కలిసే బిందువు) పెట్టి. ‘వి’ అన్నది మన పాఠానికి మనం పెట్టుకున్న ప్రిఫిక్స్ (పేరు ముందు వచ్చే పొట్టి గుర్తు).

వి:పరి1 వి:ఎవరిది వి:పాప17 .
వి:పరి1 వి:లక్షణం హెచ్‌పీ:0001744 .
వి:పరి1 వి:స్థితి "ఉంది" .
వి:పరి1 వి:ఎలా_తెలిసింది "డాక్టరు పొట్ట నొక్కి చూసి" .

0001744 అంటే ప్లీహం పెరగడం. రెండో భాగంలో చెప్పుకున్న హ్యూమన్ ఫీనోటైప్ ఆంటాలజీలో ఇది ఒక పదం. బెర్లిన్‌లో పీటర్ రాబిన్సన్ బృందం 2008లో వెలువరించిన ఈ పదకోశంలో ప్రతి లక్షణానికీ ఏడంకెల సంఖ్య ఉంటుంది. లక్షణం ఎప్పుడు కనిపించింది, ఎవరు చూశారు, ఉందా లేదా అన్నవన్నీ పరిశీలనకు తగిలించవచ్చు. పాపను నేరుగా లక్షణానికి కలిపేస్తే వీటిని పెట్టుకునే చోటే ఉండదు. ‘పాప17’ పక్కన గూడెం పేరు మాత్రం రాయకండి. ముప్పై గడపల గూడెంలో వయసు, జబ్బు రెండూ చెబితే పేరు చెప్పినట్టే.

ఇక కాళ్ళ నొప్పులు. కీళ్ళ నొప్పికి 0002829 ఉంది, ఎముక నొప్పికి 0002653 ఉంది. పాప ‘కాళ్ళు లాగుతున్నాయి’ అని మాత్రమే చెప్పి, డాక్టరు అంతకు మించి తేల్చి రాయకపోతే మీరు తేల్చకండి. ఈ పదకోశంలో విశాలమైన పదాలు పైమెట్ల మీద, సూక్ష్మమైనవి కింది మెట్ల మీద ఉంటాయి. పైమెట్టుకు వెళ్ళి ‘నొప్పి’ (0012531) దగ్గర ఆగండి. కింది మెట్టు మీద రాసింది పైమెట్టుకూ వర్తిస్తుంది, పైన రాసింది కిందికి దిగదు. నా అనుభవంలో కంప్యూటర్ నేపథ్యం ఉన్నవారికి ఇది మింగుడుపడదు. సంఖ్య దొరికితే చాలు, అన్నిటికంటే సూక్ష్మమైన పదం ఏరుకుంటారు.

పాలిపోవడం (0000980) కంటికి కనిపించేది, రక్తహీనత (0001903) హిమోగ్లోబిన్ కొలిచి చెప్పేది. రెండూ వేర్వేరు పరిశీలనలు.

కామెర్లు లేవని షీటులో ఉంది. దాన్ని కూడా రాయాలి: లక్షణం 0000952, స్థితి "లేదు". జ్వరం మాటే షీటులో లేదు. దాని గురించి మనమూ ఏమీ రాయం. ఇలా ట్రిపుల్స్‌తో సమాచారాన్ని రాసే సెమాంటిక్ వెబ్‌లో రాయనిది లేనట్టు కాదు, తెలియనట్టు. మామూలు డేటాబేస్‌లతో ఏళ్ళ తరబడి పనిచేసినవారు ఖాళీ గడిని ‘లేదు’ అని చదివే అలవాటు మానుకోవలసింది ఇక్కడే. రోగి లక్షణాలను ఇచ్చిపుచ్చుకోవడానికి వాడే ఫీనోప్యాకెట్ అనే నమూనాలోనూ ఈ ‘లేదు’కు వేరే గడి ఉంది. ఆ నమూనా 2022లో ఐఎస్ఓ ప్రమాణంగా కూడా వచ్చింది.

ఇప్పుడు జన్యువు వైపు వద్దాం. సికిల్‌సెల్‌కు మూలం 11వ క్రోమోజోమ్ మీది హెచ్‌బీబీ జన్యువులో ఒకే ఒక్క డీఎన్‌ఏ అక్షరం: కోడింగు వరుసలో 20వ చోట ‘ఏ’ బదులు ‘టీ’. దాంతో ప్రోటీన్‌లో గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వాలీన్ వచ్చి కూర్చుంటుంది. ఎన్నో స్థానంలో? పాత పుస్తకాలు 6 అంటాయి. ఇప్పటి పద్ధతి ప్రోటీన్ మొదట్లో వచ్చే మెథియోనిన్ అనే అమైనో ఆమ్లాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి 7. క్రోమోజోమ్ మీద స్థానం చెప్పాలన్నా ఇంతే, అది మానవ జీనోమ్ కూర్పును బట్టి మారుతుంది: జీఆర్‌సీహెచ్37 అనే కూర్పు ప్రకారం 52,48,232, జీఆర్‌సీహెచ్38 ప్రకారం 52,27,002. జన్యువు డీఎన్‌ఏలోని ఎదురు పోగు మీద ఉండడంతో అక్కడ ‘టీ’ బదులు ‘ఏ’ అని కనిపిస్తుంది. ఇన్ని పేర్లతో తిరుగుతున్నది ఒకే మార్పు. కనుక దానికి ఒక ముడి ఇచ్చి, వి:హెచ్‌బీబీ_20 అనుకుందాం, పేర్లన్నీ దానికే తగిలించండి. జన్యుమార్పుల డేటాబేస్ డీబీఎస్‌ఎన్‌పీలో దీనికున్న ఆర్‌ఎస్334 అనే సంఖ్య కూడా అక్కడికే. స్థానం రాసినప్పుడల్లా ఏ జీనోమ్ కూర్పు ప్రకారమో పక్కనే రాయాలి.

ఎన్ని కాపీలన్నది మార్పు గుణం కాదు, పాప సంగతి. అందుకని జన్యుపరీక్షకూ ఒక పరిశీలన ముడి పెట్టి, కాపీలు 2 అని దానికే రాస్తాం. ఒక్క కాపీ ఉన్నవారికి సాధారణంగా జబ్బు లక్షణాలు ఉండవు. కాకపోతే రెండో కాపీలో బీటా థలసీమియా (హిమోగ్లోబిన్ తయారీ తగ్గే మరో జబ్బు) మార్పు ఉంటే కథ వేరు.

మార్పుకూ లక్షణానికీ మధ్య వంతెన వ్యాధి. మార్పు నుంచి వ్యాధికి వెళ్ళే వాక్యం క్లిన్‌వార్ (ఏ మార్పు ఏ వ్యాధికి సంబంధించిందో చెప్పే డేటాబేస్) నుంచి, వ్యాధి నుంచి లక్షణాలకు వెళ్ళే వాక్యాలు ఆంటాలజీతో పాటు ఇచ్చే పట్టిక నుంచి తెచ్చుకుంటాం. ఒక్కోదాన్ని ఒక్కో గ్రాఫ్‌లో (ట్రిపుల్స్ గుంపులో) విడిగా ఉంచాలి. పాప గ్రాఫ్‌లో పాప గురించి చూసినవే ఉంటాయి.

ట్రిపుల్స్‌ను ప్రశ్నించే భాష స్పార్కల్‌లో అడగడం ఇలా (ప్రశ్నార్థకం ఉన్న పేర్లు జవాబుతో నిండాల్సిన ఖాళీలు):

?పరి వి:ఎవరిది ?రోగి .
?పరి వి:స్థితి "ఉంది" .
?పరి వి:లక్షణం ?కోడ్ .
?కోడ్ వి:పైమెట్టు* హెచ్‌పీ:0001743 .
?జన్యుపరి వి:ఎవరిది ?రోగి .
?జన్యుపరి వి:మార్పు వి:హెచ్‌బీబీ_20 .
?జన్యుపరి వి:కాపీలు 2 .

స్పార్కల్‌లో ఆజ్ఞలు ఇంగ్లీషులోనే ఉండాలి గానీ ప్రశ్నార్థకంతో మొదలయ్యే పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు. సరదాకు కాదు, నిజంగా నడుస్తుంది. అసలు ఆంటాలజీలో పైమెట్టును సబ్‌క్లాస్‌ఆఫ్ అంటారు. పై ప్రశ్నలో వి:పైమెట్టు పక్కన ఉన్న నక్షత్రం గుర్తు (*) ‘ఎన్ని మెట్లయినా ఎక్కు’ అని చెబుతుంది. 0001743 అంటే ప్లీహంలో ఏదో ఒక తేడా. కాబట్టి ప్లీహం పెరిగినవారితో పాటు అసలు ప్లీహమే లేనివారూ (0001746) జవాబులోకి వస్తారు. పెరిగినవారే కావాలంటే ఆ వరుసలో 0001744 పెట్టండి. స్థితి వరుస మరిచిపోతే ‘లేదు’ అని రాసిన వారు కూడా జాబితాలో చేరిపోతారు, అదీ ఏ హెచ్చరికా లేకుండా.

ఈసారి పని: అరకు వైపు కుర్రాడు, అదే మార్పు ఒక్క కాపీ, ప్లీహం పెరిగింది, మలేరియా పరీక్ష పాజిటివ్, కీళ్ళ నొప్పులు లేవు. ఇతణ్ణి కూడా చేర్చి, పై ప్రశ్నను కాపీల వరుసతో ఒకసారి, అది తీసేసి ఒకసారి కాగితం మీదే నడిపి చూడండి. వచ్చే భాగంలో వీటిని ట్రిపుల్స్‌ను దాచి ప్రశ్నలకు జవాబిచ్చే అపాచీ జీనా ఫుసెకి అనే సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిద్దాం. అది ఉచితమే, ముందుగా జావా పెట్టుకుని ఉంచండి.