కృత్రిమ మేధపై పరిశోధన సెమినార్‌లో ప్రసంగానికి సిద్ధం కావడం ఎలా?

కృత్రిమ మేధ అనువర్తనాలపై ప్రసంగించమని అడిగితే, వ్యవసాయం మొదలుకొని వైద్యం దాకా ఒక్కో రంగానికి ఒక్కో స్లైడు చొప్పున చుట్టివచ్చే వక్తలు చాలామంది ఉంటారు. విన్నవారి దగ్గర అందులో ఏదీ నిలవదు. ఒకే పరిశోధన పత్రాన్ని తీసుకుని లోతుగా చదివి చెప్పడం ఎంతో మేలు. మధుమేహం వల్ల రెటీనా (కంటి వెనుక భాగంలోని పొర) దెబ్బతినే డయాబెటిక్ రెటినోపతీని ఉదాహరణగా తీసుకుని ఆ పద్ధతిని వివరిస్తాను.

మొదట, డేటా ఎక్కడిదో స్పష్టంగా చెప్పిన పత్రాన్ని ఎంచుకోండి. గూగుల్ పరిశోధకులు 2016లో జామా వైద్య పత్రికలో ప్రచురించిన పత్రం అలాంటిది. అమెరికాలోని కంటి పరీక్షల వ్యవస్థ ఐప్యాక్స్‌తో పాటు మన దేశంలోని అరవింద్, శంకర నేత్రాలయ, నారాయణ నేత్రాలయ ఆసుపత్రుల నుంచి సేకరించిన 1,28,175 రెటీనా ఫొటోలతో, ఫొటో చూసి ఈ జబ్బును గుర్తించే కంప్యూటర్ మోడల్‌కు అందులో శిక్షణ ఇచ్చారు.

రెండవది, చదివే క్రమం. మోడల్ నిర్మాణం దగ్గర మొదలుపెట్టకండి. ఫొటోలో జబ్బు ఉందో లేదో ఎవరు నిర్ణయించారన్న ప్రశ్నతో మొదలుపెట్టండి. ఈ పత్రంలో 54 మంది నేత్రవైద్యులు ఒక్కో ఫొటోను 3 నుంచి 7 సార్లు పరిశీలించారు. ఒకే ఫొటోపై వైద్యుల మధ్య కూడా అభిప్రాయభేదం వస్తుంది కాబట్టే అన్నిసార్లు చూడవలసి వచ్చింది.

మూడవది అన్నిటికన్నా ముఖ్యం: శాతాలను మనుషుల లెక్కలోకి మార్చి బోర్డుపై రాయండి. ఒక పరీక్షలో ఈ మోడల్ సెన్సిటివిటీ (జబ్బున్నవారిలో ఎంతమందిని పట్టుకుంటుంది) 97.5 శాతం, స్పెసిఫిసిటీ (జబ్బు లేనివారిలో ఎంతమందిని లేదని సరిగా చెబుతుంది) 93.4 శాతం. వెయ్యి మందిలో 80 మందికి నిపుణుడి దగ్గరకు పంపవలసిన స్థాయిలో జబ్బు ఉందనుకుంటే, మోడల్ 78 మందిని పట్టుకుని ఇద్దరిని వదిలేస్తుంది. జబ్బు లేని 920 మందిలో సుమారు 61 మందిని అనవసరంగా పంపిస్తుంది. అదే మోడల్‌లో, జబ్బు ఉందని ఎక్కడి నుంచి లెక్కించాలన్న హద్దు మార్చితే సెన్సిటివిటీ 90.3, స్పెసిఫిసిటీ 98.1 శాతమవుతాయి, అనవసరంగా వెళ్లేవారు 17కు తగ్గుతారు గాని, జబ్బున్నవారిలో 8 మంది తప్పిపోతారు. ఆ హద్దు ఎక్కడ ఉండాలో శ్రోతలనే అడగండి. నిపుణుడు దగ్గరలో లేని ఊళ్లో చూపు పోగొట్టుకోవడం, ఊరికే కూలి మానుకుని పట్నం వెళ్లిరావడం, ఈ రెండింటినీ తూచవలసి వచ్చినప్పుడు గణితం తెలియనివారు కూడా చర్చలోకి వస్తారు.

నాలుగవది, ప్రయోగశాల బయట ఏమైందో వెతకండి. థాయిలాండ్‌లోని 11 క్లినిక్‌లలో ఇటువంటి వ్యవస్థనే వాడి చూసి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, తొలి ఆరు నెలల 1,838 ఫొటోలలో సుమారు 21 శాతాన్ని నాణ్యత చాలదని యంత్రం తిరస్కరించింది. కొన్నిచోట్ల గదిని చీకటి చేసే వీలు లేకపోవడం అందుకు ఒక కారణం. మొదటి పత్రం ఎంత బాగున్నా, దీన్ని చెప్పకుండా ప్రసంగం ముగించడం శ్రోతలకు అన్యాయమే అవుతుంది.

స్లైడ్లు పదికి మించనివ్వకండి. ముందురోజు ఈ రంగం తెలియని ఒకరికి చెప్పి చూసి, వారు ఆపి అడిగిన చోటల్లా వివరణను తిరగరాయండి. ప్రశ్నల సమయంలో జవాబు తెలియకపోతే తెలియదని చెప్పి, ప్రశ్నను రాసుకుని, ఆ రాత్రే పత్రంలో వెతికి అడిగినవారికి తెలియజేయండి.